ప్రమాణం ముందు, పౌరసత్వం తరువాత

పాకిస్తాన్ నుంచి వచ్చి జోధ్‌పూర్ శివార్లలోనో, ఢిల్లీ మజ్నూ కా టీలాలోనో ఏళ్ల తరబడి తలదాచుకుంటున్న హిందూ కుటుంబానికి పౌరసత్వ ఇంటర్వ్యూకు పిలుపు వస్తే, వారు నిలబడవలసింది కలెక్టరు ముందు కాదు, పోలీసు అధికారి ముందు కాదు. తపాలా సూపరింటెండెంటు ముందు. పౌరసత్వ సవరణ చట్టం అమలుకు 2024 మార్చి 11న వెలువడిన నిబంధనలు జిల్లా స్థాయి కమిటీకి ఆయననే అధ్యక్షుణ్ణి చేశాయి. ఆన్‌లైన్‌లో పంపిన పత్రాల అసలు ప్రతులను ఆ కమిటీ సరిచూస్తుంది, అడగవలసినవి అడుగుతుంది, దరఖాస్తుపై సంతకం చేయిస్తుంది, విధేయతా ప్రమాణం చేయిస్తుంది. దరఖాస్తుదారు బయటికి వస్తాడు. ఆ తరువాత ఏమి ఆశించాలి, ఎన్నాళ్లు ఆశించాలి అన్న ప్రశ్నకు నిబంధనలలో సగం జవాబే ఉంది.

ఈ చట్టం మీద దేశంలో జరిగిన చర్చ అంతా గడపకు ఇవతల జరిగింది. ఎవరిని లోపలికి రానివ్వాలి, ఎవరిని రానివ్వకూడదు అన్నదే వివాదం. మతం ప్రాతిపదికగా పౌరసత్వమిచ్చే చట్టం రాజ్యాంగంలోని 14వ అధికరణకు నిలుస్తుందా అన్నది చిన్న ప్రశ్న కాదు. రెండువందలకు పైగా పిటిషన్లు సుప్రీంకోర్టు ముందున్నాయి. 2024 మార్చి 19న న్యాయస్థానం నోటీసులిచ్చింది, స్టే మాత్రం ఇవ్వలేదు. అయితే ఆ వివాదపు హోరులో, చట్టం ఎవరిని ఆదరిస్తున్నానని చెప్పుకుంటున్నదో వారి పరిస్థితి ఏమిటన్నది ఎవరికీ పట్టలేదు. చట్టాన్నే తిరస్కరించేవారికి దాని లోపలి గదుల గురించి మాట్లాడటం ఇష్టముండదు. చట్టాన్ని విజయంగా ప్రకటించుకున్నవారికి ఆ గదుల్లో నిరీక్షించేవారి గురించి మాట్లాడితే విజయం చిన్నబోతుంది.

తపాలా శాఖ ఎందుకు అన్న సందేహం సహజం. దానికి జవాబు పరిపాలనలో లేదు, రాజకీయంలో ఉంది. పౌరసత్వం కేంద్ర జాబితాలోని అంశమే అయినా, దరఖాస్తుల పరిశీలన సంప్రదాయంగా కలెక్టరు చేతిలో, అంటే ఆచరణలో రాష్ట్ర ప్రభుత్వ యంత్రాంగం చేతిలో ఉండేది. పశ్చిమ బెంగాల్, కేరళ, తమిళనాడు ప్రభుత్వాలు సీఏఏను అమలు చేయబోమని బహిరంగంగానే ప్రకటించాయి. అందువల్ల కేంద్రం తన సొంత శాఖలను కూడగట్టింది. జిల్లాలో తపాలా అధికారి, ఆయనతోపాటు ఎన్‌ఐసీ అధికారి, కేంద్రం నియమించే ఒక ప్రతినిధి. ఆహ్వానితులుగా కలెక్టరు కార్యాలయం నుంచి నాయబ్ తహసీల్దారు స్థాయికి తగ్గని ఒకరు, వీలును బట్టి రైల్వే స్టేషన్ మాస్టరు. రాష్ట్ర స్థాయిలో తుది నిర్ణయం తీసుకునే సాధికార కమిటీకి జనగణన డైరెక్టరు అధ్యక్షుడు; సభ్యులలో ఇంటెలిజెన్స్ బ్యూరో అధికారి, విదేశీయుల నమోదు అధికారి ఉంటారు. రాష్ట్ర హోం శాఖకు దక్కింది ఆహ్వానితుని కుర్చీ. సమాఖ్య వ్యవస్థలో పంపకాలు ఇలా కూడా జరుగుతాయి: రాష్ట్రాలను కాదనకుండానే పక్కకు జరపటం. దీని ఫలితం దరఖాస్తుదారుకు ఏమిటంటే, అతను నివసించే ప్రాంతపు ఎమ్మెల్యేకు గానీ, తహసీల్దారుకు గానీ అతని ఫైలు ఎక్కడుందో చెప్పగలిగిన అధికారం లేదు.

ఇంటర్వ్యూ వరకు రావటమే ఒక యాత్ర. మూడు దేశాలలో ఒకదాని జాతీయుడినని నిరూపించటానికి తొమ్మిది రకాల పత్రాల జాబితా ఉంది: పాస్‌పోర్టు, జనన ధ్రువపత్రం, బడి కాగితం, భూమి కాగితం, చివరికి తాతముత్తాతలలో ఒకరు ఆ దేశ పౌరులని చూపే ఏ పత్రమైనా. 2014 డిసెంబరు 31కి ముందే భారతదేశంలోకి వచ్చానని చూపటానికి ఇరవై రకాల పత్రాలు. ఇవి కాక తన అఫిడవిట్, తన నడవడికకు సాక్ష్యమిచ్చే భారత పౌరుని అఫిడవిట్, ఫలానా మతస్థుడేనని స్థానిక సామాజిక సంస్థ ఇచ్చే ధ్రువపత్రం. ఎనిమిదో షెడ్యూలులోని ఏదైనా ఒక భాష చదవటమో, రాయటమో, మాట్లాడటమో వస్తే చాలు. సింధీ, బెంగాలీ ఆ షెడ్యూలులోనే ఉన్నాయి కనుక ఆ షరతు పెద్దగా ఎవరినీ బాధించదు. పత్రాల విషయంలో నిబంధనలు ఉదారంగానే ఉన్నాయని ఒప్పుకోవాలి. గడువు తీరిన కాగితం కూడా చెల్లుతుంది.

అసలు విశేషం ప్రమాణంలో ఉంది. చట్టం రెండో షెడ్యూలు ప్రకారం దరఖాస్తుదారు భారత రాజ్యాంగం పట్ల నిజమైన విశ్వాసం, విధేయత చూపుతానని, ఈ దేశపు చట్టాలను పాటిస్తానని, భారత పౌరునిగా తన విధులు నిర్వర్తిస్తానని ప్రమాణం చేయాలి. ఆ ప్రమాణం జిల్లా కమిటీ ఎదుటే పూర్తవుతుంది. పౌరుడవునో కాదో తేల్చే సాధికార కమిటీ అప్పటికి అతని ఫైలును తెరచి కూడా ఉండదు. అంటే ఆ గదిలోంచి బయటికి వచ్చే మనిషి పౌరుని విధులకు కట్టుబడినవాడు. పౌరుని హక్కులు మాత్రం అతనికి ఇంకా లేవు. దరఖాస్తు మంజూరైన మరుక్షణం పాత దేశపు పౌరసత్వం తిరిగిరాని విధంగా రద్దయిపోతుందని, ఇకముందు దానిపై హక్కు కోరనని కూడా అతను ముందుగానే రాసిచ్చాడు. అతని వైపు నుంచి ఇవ్వవలసిన మాటలన్నీ ఇచ్చేశాడు. రాజ్యం వైపు నుంచి ఒక్క మాట కూడా రాలేదు.

వచ్చినప్పుడు ఆ మాట విలువైనదే. సాధికార కమిటీ సంతృప్తి చెందితే డిజిటల్ ధ్రువపత్రం వస్తుంది. కావాలని కోరితే కాగితపు ప్రతి కూడా ఇస్తారు. 6బి సెక్షన్ ప్రకారం ఆ వ్యక్తిని దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచే పౌరునిగా పరిగణిస్తారు. అక్రమ వలసదారుగానో, పౌరసత్వం విషయంలోనో అతనిపై నడుస్తున్న కేసులు అంతటితో రద్దవుతాయి. సహజీకరణకు కావలసిన నివాస కాలం పదకొండేళ్ల నుంచి ఐదేళ్లకు తగ్గింది. వేగమూ అసాధ్యం కాదు. నిబంధనలు వెలువడిన రెండు నెలలకే, 2024 మే 15న, నాటి కేంద్ర హోం కార్యదర్శి అజయ్ కుమార్ భల్లా ఢిల్లీలో తొలి విడతగా 14 మందికి ధ్రువపత్రాలు స్వయంగా అందజేశారు. అది లోక్‌సభ ఎన్నికల పోలింగు దశలవారీగా సాగుతున్న సమయం. ఆ నెలాఖరుకు పశ్చిమ బెంగాల్, హర్యానా, ఉత్తరాఖండ్‌లలోనూ తొలి ధ్రువపత్రాలు అందాయి. బెంగాల్‌లో చివరి విడత పోలింగు జూన్ 1న. కమిటీలు త్వరగా పని చేయగలవని చెప్పటానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు. ఎప్పుడు త్వరపడతాయన్నదే ప్రశ్న.

ఎందుకంటే ఆ కమిటీకి గడువు లేదు. జిల్లా కమిటీ ఫైలు పంపిన తరువాత సాధికార కమిటీ తనకు అవసరమని తోచిన విచారణ జరుపుతుందని, దరఖాస్తుదారు తగిన వ్యక్తి అని సంతృప్తి చెందితే పౌరసత్వం ఇస్తుందని మాత్రమే నిబంధనలు చెబుతాయి. ఎన్ని రోజుల్లో అన్నది చెప్పవు. 2009 నాటి పాత నిబంధనలలో కలెక్టరుకు అరవై రోజులు, రాష్ట్ర ప్రభుత్వానికి ముప్పై రోజులు అని గడువులున్నాయి. వాటిని ఎంతమంది పాటించారన్నది వేరే సంగతి. కనీసం అడగటానికి ఒక అంకె ఉండేది. కొత్త నిబంధనలలో గడువు భయం ఒక్క దరఖాస్తుదారుకే. తగిన అవకాశాలు ఇచ్చినా అతను జిల్లా కమిటీ ముందు హాజరు కాకపోతే, ఆ దరఖాస్తును తిరస్కరణ పరిశీలన కోసం పైకి పంపాలని స్పష్టంగా రాశారు. చట్టం 2019 డిసెంబరులో వచ్చింది, 2020 జనవరి 10న అమలులోకి వచ్చింది. దానికి నిబంధనలు రాయటానికి హోం శాఖ నాలుగేళ్లకు పైగా తీసుకుంది. పార్లమెంటరీ కమిటీల నుంచి మళ్లీ మళ్లీ గడువు పొడిగింపులు తెచ్చుకుంది. అడిగిన ప్రతిసారీ ఆ శాఖకు పొడిగింపు దొరికింది.

తిరస్కరిస్తే? పౌరసత్వ చట్టం 14వ సెక్షన్‌లో ఒక వాక్యం ఉంది. నమోదు ద్వారా, సహజీకరణ ద్వారా పౌరసత్వం కోరే దరఖాస్తులను అధికారి తన విచక్షణతో మంజూరు చేయవచ్చు, తిరస్కరించవచ్చు. అందుకు కారణాలు చెప్పవలసిన అవసరం లేదు. 6బి సెక్షన్ కూడా ఆ రెండు దారుల షరతులనే ఆధారం చేసుకుంది. 15వ సెక్షన్ ప్రకారం నొచ్చుకున్న వ్యక్తి ముప్పై రోజుల్లో కేంద్ర ప్రభుత్వాన్ని పునఃపరిశీలన కోరవచ్చు. కేంద్ర ప్రభుత్వ శాఖల అధికారులతోనే కూర్చిన కమిటీ నిర్ణయంపై కేంద్ర ప్రభుత్వానికే మొర పెట్టుకోవాలన్నమాట. కారణం చెప్పని ఉత్తర్వులో తప్పెక్కడుందో ఆ మొరలో ఏమని రాయాలి?

కారణం చెప్పని కాగితం అంటే ఏమిటో తెలుగు ఇళ్లకు కొత్తగా వివరించనక్కరలేదు. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో రెండు మూడు నిమిషాల ఇంటర్వ్యూ తరువాత 221(జి) అని రాసిన కాగితంతో బయటికి వచ్చిన పిల్లలు, ఆ కాగితం అర్థం కోసం రాత్రంతా ఫోన్లు చేసిన తల్లిదండ్రులు ప్రతి వీధిలో ఉన్నారు. పరిశీలన ఇంకా సాగుతూనే ఉన్నా వెబ్‌సైటులో స్థితి మాత్రం తిరస్కృతమనే కనిపిస్తుంది. 2025 మే చివరలో విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూలను నిలిపివేసి, జూన్‌లో సోషల్ మీడియా ఖాతాలు బహిరంగంగా ఉంచాలన్న షరతుతో తిరిగి తెరిచారు. డిసెంబరులో ఆ పరిశీలన హెచ్‌-1బి వారికీ, వారి కుటుంబాలకూ విస్తరించటంతో అప్పటికే తేదీలు దొరికినవారి ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడ్డాయి. సెలవుకు వచ్చినవారు ఉద్యోగాలకు తిరిగి వెళ్లలేక ఇక్కడే చిక్కుకున్నారు. భారత విదేశాంగ శాఖ ఆందోళన తెలిపింది. ఆ ఆందోళన న్యాయమైనదే. కాన్సులర్ అధికారి నిర్ణయంలో తాము జోక్యం చేసుకోబోమని అమెరికా సుప్రీంకోర్టు 2024లో మున్యోజ్ కేసులో మరోసారి చెప్పింది.

అయితే వీసా వేరు, పౌరసత్వం వేరు. వీసా అడిగేవాడికి తిరిగి వెళ్లటానికి ఒక ఇల్లుంది. జోధ్‌పూర్ బస్తీలో ఉన్నవాడు తిరిగి వెళ్లలేనన్న కారణంతోనే దరఖాస్తు పెట్టాడు. వాషింగ్టన్‌ను మనం అడుగుతున్నది కారణం, గడువు అయితే, ఢిల్లీ తన సొంత దరఖాస్తుదారులకు ఆ రెండూ ఇవ్వకపోవటం వింతగా ఉంది.

ఈ మధ్యకాలంలో మనిషి ఎంత బలహీనంగా ఉంటాడో 2025 ఏప్రిల్ చూపించింది. పహల్గామ్ దాడి తరువాత పాకిస్తానీయుల వీసాలను ప్రభుత్వం ఏప్రిల్ 27 నుంచి రద్దు చేసింది. దీర్ఘకాలిక వీసాలపై ఉన్న హిందూ కుటుంబాలకు అది వర్తిస్తుందా లేదా అన్నది తొలి ప్రకటనలో లేదు. హిందూ పాకిస్తానీయులకు ఇచ్చిన దీర్ఘకాలిక వీసాలు చెల్లుతాయని విదేశాంగ శాఖ విడిగా వివరణ ఇవ్వవలసి వచ్చింది. ఆ వివరణ వచ్చేదాకా పరాయితనం మళ్లీ మొదటికి వచ్చినట్లే గడిచింది.

బెంగాల్‌లో చిక్కు ఇంకో రూపంలో ఉంది. అక్కడి మతువాలు, ఇతర నామశూద్ర కుటుంబాలు చాలావరకు పాస్‌పోర్టు, వీసా లేకుండా సరిహద్దు దాటి వచ్చినవారు. దశాబ్దాలుగా రేషన్ కార్డు ఉంది, ఓటు ఉంది. సీఏఏ దరఖాస్తు పెట్టటం అంటే తాను బంగ్లాదేశీయుడినని అఫిడవిట్ మీద ఒప్పుకోవటం. దరఖాస్తుకు ముందున్న హక్కులను దరఖాస్తు కారణంగా తొలగించరాదని 6బి సెక్షన్ భరోసా ఇస్తుంది. కానీ 2025 నవంబరులో అక్కడ ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ మొదలైంది. డిసెంబరు 16న వెలువడిన ముసాయిదాలో సుమారు 58 లక్షల పేర్లు లేవు. సీఏఏ దరఖాస్తు రసీదు చూపి ఓటు నిలుపుకోవచ్చా అన్న ప్రశ్న కోర్టుల దాకా వెళ్లింది. ముందు పౌరసత్వం తేలాలి, ఓటు తరువాత అన్నది సుప్రీంకోర్టు ధర్మాసనం వైఖరి. చట్టరీత్యా అది సబబే. విదేశీయునికి ఓటు ఉండకూడదు. అయితే పౌరసత్వం తేల్చే కమిటీకి తేదీ లేదు, ఓటర్ల జాబితాకు తేదీ ఉంది, ఎన్నికలకూ తేదీ ఉంది. తేదీ లేనిదాని కోసం నిలబడినవాడు తేదీ ఉన్న రెండింటినీ పోగొట్టుకుంటాడు.

పిల్లల సంగతి మరీ సున్నితం. కాగజ్‌నగర్ దగ్గరి నజ్రుల్ నగర్‌లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థి కుటుంబాలు స్థిరపడ్డాయి. అలాంటి కాలనీలలో 1987 జులై 1కి ముందు పుట్టినవారు, తల్లిదండ్రులు ఎవరైనా, పుట్టుకతోనే భారత పౌరులు. చట్టం ఆ తరువాత రెండుసార్లు బిగుసుకుంది. 2004 డిసెంబరు 3 నుంచి తల్లిదండ్రులలో ఒకరు అక్రమ వలసదారు అయితే ఇక్కడే పుట్టిన బిడ్డ కూడా పుట్టుకతో పౌరుడు కాడు. జోధ్‌పూర్‌లోనో, నదియా జిల్లాలోనో గత ఇరవై ఏళ్లలో పుట్టి, భారతదేశం తప్ప మరో నేల చూడని పిల్లల భవిష్యత్తు తల్లిదండ్రుల ఫైలులోనే కట్టబడి ఉంది. ఆ ఫైలు కదిలేలోగా పదో తరగతి, ఇంటర్ పూర్తవుతాయి.

విచారణ తరువాత రాజ్యం మౌనం వహిస్తే ఏమవుతుందో అస్సాంలో చూశాం. 2019 ఆగస్టు 31న వెలువడిన తుది జాతీయ పౌర పట్టికలో 19,06,657 మంది పేర్లు లేవు. హియరింగుల కోసం కాగితాల మూటలతో వందల కిలోమీటర్లు తిరిగినవారు వారిలో ఉన్నారు. పేరు లేనివారు 120 రోజుల్లో విదేశీయుల ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చని చెప్పారు. అప్పీలుకు తిరస్కరణ పత్రం కావాలి. ఏళ్లు గడిచినా ఆ పత్రాలు ఇవ్వలేదు, పట్టికను నోటిఫై చేయనూ లేదు. దాంతో 120 రోజుల గడువు మొదలే కాలేదు. వారు విదేశీయులని ఎవరూ ప్రకటించలేదు. పౌరులని ఎవరూ ఒప్పుకోలేదు. ఆ పట్టికను తెచ్చిన పార్టీకీ అది నచ్చలేదు, వ్యతిరేకించిన పార్టీలకూ నచ్చలేదు. ఎవరికీ అక్కరలేని నిర్ణయాన్ని అలమారాలో పెట్టి తాళం వేయటం సులువు; లోపల ఉన్నది 19 లక్షల మంది అన్నది మాత్రం తాళం వేసిన తరువాత గుర్తుండదు.

సీఏఏ దరఖాస్తులలో తిరస్కరణకు గురయ్యేవారికి కూడా అటువంటి స్థితే కాచుకుని ఉంది. 2025 సెప్టెంబరు 1 నాటి ఉత్తర్వుతో, మూడు దేశాల నుంచి మతహింసకు భయపడి 2024 డిసెంబరు 31 వరకు వచ్చిన ఆరు మతాల వారికి పత్రాలు లేకుండా ఉన్నందుకు శిక్ష నుంచి మినహాయింపు లభించింది. మంచిదే. కానీ పౌరసత్వానికి గడువు 2014 దగ్గరే ఆగి ఉంది. ఆ పదేళ్ల మధ్య వచ్చినవారిని జైలుకు పంపరు, పౌరులనూ చేయరు. తమిళనాడు శిబిరాలలో నలభై ఏళ్లుగా ఉన్న శ్రీలంక తమిళులకైతే ఈ చట్టం కింద ఇంటర్వ్యూ అన్నదే లేదు. వారిలో అధికులు హిందువులే అయినా, వారి దేశం ఆ మూడింటిలో లేదు.

సీఏఏ భవితవ్యాన్ని సుప్రీంకోర్టు ఎప్పుడో తేలుస్తుంది. అంతవరకు చేయవలసిన పనికి ఎవరి తీర్పూ అడ్డు కాదు. జిల్లా కమిటీ ప్రమాణం చేయించిన తేదీ నుంచి సాధికార కమిటీకి ఇన్ని రోజులని గడువు ఉండాలి. తిరస్కరిస్తే ఏ పత్రం చాలలేదో, ఏ షరతు నెరవేరలేదో రాతపూర్వకంగా చెప్పాలి. భద్రతా సమాచారం బయటపెట్టలేని సందర్భాలుంటే ఆ సంగతైనా చెప్పి, పునఃపరిశీలనను ఆ కమిటీతో సంబంధం లేని అధికారికి అప్పగించాలి. రాష్ట్రాలవారీగా ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని ఎన్నాళ్లుగా పెండింగులో ఉన్నాయి అన్న లెక్కలను హోం శాఖ పార్లమెంటులో ఎవరో సభ్యుడు అడిగేదాకా ఆగకుండా నెలనెలా ప్రకటించాలి. 14వ సెక్షన్‌లోని వాక్యాన్ని తొలగించటానికి పార్లమెంటు కావాలి. మిగతా వాటిలో చాలావరకు నిబంధనల సవరణతో సరిపోతుంది. అందుకు గెజిట్‌లో ఒక నోటిఫికేషన్ చాలు; 2024 మార్చి 11న, ఎన్నికల షెడ్యూలు వెలువడటానికి ఐదు రోజుల ముందు, ఒక సోమవారం సాయంత్రం హోం శాఖ విడుదల చేసినది కూడా అలాంటి నోటిఫికేషనే.